అమ్మ పిచ్చిదా, పొలం చౌడుదా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పోయిన నెల ఫ్రెంచి రచయిత్రి మార్గరీత్ దురాస్ మీద ఒక పరిచయ వ్యాసం వేశాం. ఆమె నవలల్ని మనోవిశ్లేషకులు (మనసు లోతుల్లో దాగిన కోరికల్నీ భయాల్నీ వెతికే ఫ్రాయిడ్ బాటవాళ్ళు, సైకో అనాలసిస్ అంటే అదే) ఎట్లా చదివారు, స్త్రీవాదులు ఎట్లా చదివారు అన్నది ఆ వ్యాసం సంగతి. దానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేం అనుకోలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు, ఒకాయనైతే "మా వీధికి నీళ్ళ ట్యాంకరు రాక మేం చస్తుంటే మీకు పారిస్ కావాల్సొచ్చిందా" అని కార్డు రాశారు. దానికి జవాబు లేదు గానీ కార్డు మాత్రం దాచుకున్నాను. మిగతా వాటిలోంచి కొన్ని ఇక్కడ వేస్తున్నాం. పేరు వెయ్యొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ ఊళ్ళే వేశాం.

ప్రశ్న: మేడమ్, సెమినార్ పేపర్‌కి మా సార్ నాకు దురాస్‌ని ఇచ్చారు. సైకో అనాలసిస్ పద్ధతిలో రాయమన్నారు. 'ప్రేమికుడు' నవల ఇంగ్లీషులో చదివాను. ఆమెకి చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి మీద ప్రేమా కోపమూ రెండూ ఉన్నాయి, పెద్దన్న కొట్టేవాడు. తండ్రి లేని లోటు వల్లే వయసులో పెద్దవాణ్ణి ప్రేమించింది అని రాస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఎం.ఏ. విద్యార్థిని, కావలి

జవాబు: మార్కులకైతే సరిపోతుందమ్మా. అయితే ఆ ముక్క రాయడానికి నవల చదవక్కర్లేదు, అట్ట వెనక వేసిన నాలుగు లైన్లు చాలు. 1914లో, అప్పుడు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న వియత్నాంలో, సైగాన్ పక్కన పుట్టింది, ఏడేళ్ళప్పుడు తండ్రి పోయాడు, తల్లి స్కూలు టీచరు, పెద్దన్న అంటే హడలు, చిన్నన్న అంటే ప్రాణం. అంతా నిజమే. కానీ తండ్రి పోయిన ఆడపిల్లలు లోకంలో లక్షల మంది, ఆ నవలలు రాసింది ఒక్కతే. రాసిన వాక్యాల జోలికి పోకుండా రాసిన మనిషి మనసులో ఏముందో తేలుస్తామంటే దాన్ని విమర్శ అనరు, ఆరా తియ్యడం అంటారు.

మీ సార్‌కి చూపించడానికి పెద్ద పేరే ఉంది. 1965లో జాక్ లకాన్, అంటే ఫ్రాయిడ్ తర్వాత ఫ్రాన్సులో మనోవిశ్లేషణకి అంత పెద్ద దిక్కు, దురాస్ మీద ఒక వ్యాసం రాశాడు. ఆమె 1964లో రాసిన లోల్ వి. స్టైన్ నవల గురించి. అందులో ఆయన మొదట చెప్పేదే ఇది: కళాకారుడు ఎప్పుడూ మనోవిశ్లేషకుడి కంటే ముందు నడుస్తాడు, కాబట్టి అతను దారి తీస్తున్నచోట మనం పోయి సైకాలజిస్టు వేషం వెయ్యకూడదు. తాను పాఠం చెప్పేది తన సాయం లేకుండానే ఈమెకి తెలిసిపోయింది అని కూడా అన్నాడు. మెచ్చుకోలే, కాస్త పెద్దరికం కలిపిన మెచ్చుకోలు. "నీకు తెలుసని నాకు తెలుసు" అనే మగ మేష్టర్లని మనం మాత్రం చూళ్ళేదా!

ఇంతకీ నవల కథేమిటంటే, టీ. బీచ్ అనే ఊళ్ళో కేసినోలో డాన్సు. లోల్‌కి పెళ్ళి కుదిరిన కుర్రాడు, ఆమె కళ్ళ ముందే, అన్‌మరీ స్ట్రెటర్ అనే వయసు మళ్ళిన అందగత్తెతో రాత్రంతా డాన్సు చేసి తెల్లారేసరికి ఆమె వెంట వెళ్ళిపోతాడు. లోల్ ఏడవదు, గొడవ చెయ్యదు, ఊరికే చూస్తుంది. వాళ్ళిద్దరూ కంటికి కనపడకుండా పోయాక అప్పుడు అరుస్తుంది. తర్వాత ఇంకొకర్ని పెళ్ళి చేసుకుంటుంది, పిల్లలు, శుభ్రంగా సర్దిన ఇల్లు, పదేళ్ళు గడుస్తాయి. సొంత ఊరికి తిరిగొచ్చాక తన పాత స్నేహితురాలు తత్యానా, ఆమె ప్రియుడు కలుసుకునే హోటల్ వెనక చేలో పడుకుని, ఆ కిటికీ వైపు చూస్తూ ఉంటుంది. అసూయతో కాదు. డాన్సు రాత్రి తన కళ్ళ ముందు నుంచి తప్పిపోయిన ఆ జంటని మళ్ళీ చూడాలని. లకాన్ చూపు ఇక్కడే ఆగింది: లోల్ చాటుగా చూసి సంతోషపడే మనిషి కాదు, ఆ ముగ్గురూ కలిసి పడిన ముడిలోనే ఆమెకి ఉనికి ఉంది, ముడి విడిపోతే ఆమె లేదు అంటాడు. బాగా చదివాడు, కాదనను.

కానీ స్త్రీవాదులు పట్టుకున్నది ఇంకొకటి, నాకు అదే ముఖ్యం. ఈ కథంతా మనకి ఎవరు చెప్తున్నారు? కొంత దూరం పోయాక గానీ తెలీదు: తత్యానా ప్రియుడు జాక్ హోల్డ్, లోల్ చూస్తున్న కిటికీ లోపల ఉన్న ఆ మగవాడు, వృత్తికి డాక్టరు. లోల్ మీద మనసు పడినవాడు. "ఇది నేను ఊహిస్తున్నాను", "ఇలా జరిగి ఉంటుందనుకుంటాను" అని మాటిమాటికీ అంటాడు. అంటే లోల్ గురించి మనకి తెలిసిందంతా ఒక డాక్టరుగారి కల్పనే కావచ్చు. ఇక్కడ ఫ్రాయిడ్ 'డోరా' కేసు గుర్తు తెచ్చుకో. పద్ధెనిమిదేళ్ళ పిల్లని తండ్రి తీసుకొచ్చి అప్పజెప్పాడు, తండ్రి స్నేహితుడు తన మీద చెయ్యి వేశాడని ఆ పిల్ల చెప్తే, కాదు నీకే అతనంటే ఇష్టం అని ఫ్రాయిడ్ వాదించాడు. 1900 డిసెంబరు 31న ఆ పిల్ల ఇక రానని వెళ్ళిపోయింది. ఫ్రాయిడ్ ఆ కేసుని 1905లో అచ్చేశాడు. 1976లో ఎలెన్ సిక్సూ అనే ఫ్రెంచి స్త్రీవాద రచయిత్రి దాన్ని డోరా వైపు నుంచి నాటకంగా రాసింది. దురాస్ ఈ పని అంతకు పన్నెండేళ్ళ ముందే చేసిందని నేనంటాను: ఆడదాని కథని రాసుకుంటున్న మగవాణ్ణి తీసుకొచ్చి నవల మధ్యలో నిలబెట్టింది. 1966 నాటి 'వైస్ కాన్సల్' కూడా చూడు. కడుపుతో ఉందని తల్లి ఇంట్లోంచి తరిమేస్తే నడుచుకుంటూ నడుచుకుంటూ ఏళ్ళ తర్వాత కలకత్తా చేరిన బిచ్చగత్తె కథ అందులో ఉంది. ఆ కథని రాస్తున్నది పీటర్ మోర్గన్ అనే ఇంగ్లీషు దొర. ఆమె నోట మాత్రం ఒక ఊరి పేరు తప్ప పెద్దగా మాటే రాదు.

కాబట్టి పేపర్‌లో "దురాస్‌కి ఏమైంది" అని రాయకు. "ఎవరి గురించి ఎవరు చెప్తున్నారు, చెప్పే హక్కు వాళ్ళకి ఎవరిచ్చారు" అని రాయి. అది సైకో అనాలసిసే, మీ సార్ కాదనలేరు.

ప్రశ్న: పదిహేనున్నరేళ్ళ పిల్ల, ఇరవై ఏడేళ్ళ ధనవంతుడు, చాటుగా గది. దీన్ని మీరు స్త్రీవాదం అంటున్నారు. ఇవాళ ఇది పోక్సో కేసు. పైగా ఇందులో కొత్తేముంది, ఇల్లు వదిలి పోయిన ఆడదాని కథని మన చలం 1920ల్లోనే రాశాడు. విదేశీ పేరు ఉంటే తప్ప మీకు ఆనదా?
– విశ్రాంత తెలుగు అధ్యాపకులు, ఒంగోలు

జవాబు: మాష్టారూ, మొదటి మాటలో మీతో నాకు పేచీ లేదు. 2012 చట్టం లెక్కన పద్ధెనిమిది నిండని పిల్ల ఇష్టానికి అర్థం లేదు, ఉండకూడదు కూడా. 'ప్రేమికుడు' గొప్ప ప్రేమకథ అని అట్ట మీద అచ్చేసే పబ్లిషర్లు పుస్తకం చదివారో లేదో నాకు అనుమానమే.

ఎందుకంటే నవల ఏ సంగతీ దాచదు. మెకాంగ్ నది దాటించే బల్లకట్టు మీద ఆ పిల్ల మగవాళ్ళ టోపీ పెట్టుకుని, జరీ చెప్పులు వేసుకుని నిలబడింది. ఆ వేషంలో కూతుర్ని బయటికి పంపిన తల్లికి, ఇంట్లో డబ్బు లేదన్న సంగతి తెలుసు, ఆ వేషం దేనికి పనికొస్తుందో కూడా ఎక్కడో తెలుసు. తర్వాత అదే తల్లి కూతుర్ని గదిలో పెట్టి కొడుతుంది. ఆమె ప్రేమికుడు, ఆ డబ్బున్న చైనా ఆయన, ఆ పిల్ల కుటుంబాన్నంతా ఖరీదైన రెస్టారెంట్లకి తీసుకుపోతే అన్నలు మెక్కి లేస్తారే గానీ ఆయనతో ఒక్క మాట మాట్లాడరు, తెల్లవాళ్ళం కదా మరి. ఆయన తండ్రి ఇంకో పక్క, ఈ దరిద్రపు తెల్లపిల్ల కోడలిగా వద్దంటాడు. డబ్బు ఒక వైపు, రంగు ఒక వైపు, మధ్యలో ఆ పిల్ల ఒళ్ళు. ఇంత బేరం జరుగుతున్న పుస్తకంలో అట్ట మీద గులాబీ పువ్వు వేస్తే ఏం చేస్తాం.

అయితే స్త్రీవాదం అందులో ఎక్కడుంది అంటే, కథలో కాదు, చూపులో ఉంది. ఇది రాసేనాటికి దురాస్‌కి డెబ్బై ఏళ్ళు. బల్లకట్టు మీద ఆ క్షణంలో ఎవరైనా ఫోటో తీసి ఉండాల్సింది, తియ్యలేదు అని నవల మొదట్లోనే అంటుంది. ఎవరూ తియ్యని ఆ ఫోటోని ఆమె తనే రాసుకుంటుంది. ఒక పేరాలో "నేను", తర్వాత పేరాలో "ఆ పిల్ల", మళ్ళీ "నేను". చూసేదీ తనే, చూడబడేదీ తనే. 1975లో లారా మల్వీ అనే బ్రిటిష్ విమర్శకురాలు, హాలీవుడ్ సినిమాలో కెమెరా మగవాడి కళ్ళతో ఆడదాన్ని చూస్తుందని వాదించింది. వాదానికి ఫ్రాయిడ్‌నీ లకాన్‌నీ వాడుకుంది, వాళ్ళ కత్తితోనే. దురాస్ నవల ఆ చూపుని తన చేతిలోకి తీసుకుంది. కావాలంటే 1992లో జాన్ జాక్ అనో తీసిన సినిమా చూడండి, అదే కథ, కెమెరా మళ్ళీ ఆ పిల్ల ఒంటి మీదికి పోయింది. దురాస్ ఆ దర్శకుడితో గొడవపడి, సినిమా రాకముందే, 1991లో, అదే కథని ఇంకో నవలగా రాసి పడేసింది.

చలం సంగతికొస్తే, 'మైదానం' నవల్లో రాజేశ్వరి చేత "నేను" అనిపించి మొత్తం కథ చెప్పించడం ఆ రోజుల్లో మామూలు సాహసం కాదు, ఆ మాట ఒప్పుకోని తెలుగువాడు ఉండడు. కానీ ఆ "నేను" వెనక ఉన్నది ఒక మగవాడి కోరిక, ఆడది ఇలా ఉంటే ఎంత బాగుండు అన్న కోరిక. జాక్ హోల్డ్‌ని దురాస్ కథలోకి లాగి బోనులో నిలబెట్టింది, చలం తను మాత్రం బోనెక్కలేదు. మీరు కోప్పడినా నా అభిప్రాయం ఇదే.

ప్రశ్న: మాది సముద్రం పక్క. మీ వ్యాసంలో ఆ రచయిత్రి తల్లి కూడబెట్టిన డబ్బంతా పోసి భూమి కొంటే, ఏటా సముద్రం ఎక్కి ఉప్పు పట్టి పోయిందని రాశారు. ఆమె మతి చెడిన మనిషి అని పెద్ద పెద్ద డాక్టర్లు రాశారని కూడా రాశారు. మా చేను పక్కన రొయ్యల గుంటలు తవ్వినాక మా ఎకరన్నర చౌడుబారింది, బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మా అమ్మ కూడా ఒక్కోనాడు తనలో తను మాట్లాడుకుంటా ఉంటది. మా అమ్మక్కూడా అదేదో కాంప్లెక్స్ ఉన్నట్టా? ఆ డాక్టర్లకి భూమి సంగతి కనపడలేదా?
– కొత్తపట్నం దగ్గరి పల్లె నుంచి ఒక మహిళా రైతు

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిట్లో నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది మీదేనమ్మా. మీరడిగింది పారిస్‌లో కూడా తక్కువ మంది అడిగారు.

జరిగింది ముందు చెప్తాను. దురాస్ తల్లి ఫ్రెంచి ఇండోచైనాలో స్కూలు టీచరు, భర్త పోయిన మనిషి, ముగ్గురు పిల్లలు. అప్పటి ప్రభుత్వం సాగుకి భూములిస్తుంటే తన దగ్గరున్న డబ్బంతా పెట్టి కంబోడియా తీరంలో భూమి తీసుకుంది. మంచి భూమి కావాలంటే అధికారుల చెయ్యి తడపాలి, ఆ సంగతి ఆమెకి తెలీదు. తెలీనివాళ్ళకి ఇచ్చే భూమే ఆమెకిచ్చారు. ఏటా సముద్రం పొంగుతుంది, నారు చచ్చిపోతుంది. 1950లో వచ్చిన 'పసిఫిక్‌కి అడ్డుకట్ట' అనే నవల ఈ కథే. నవల్లో తల్లి ఆ డబ్బు సినిమా హాల్లో ఏళ్ళ తరబడి పియానో వాయించి కూడబెట్టింది. చుట్టుపక్కల పేద రైతుల్ని పోగేసి, మడ చెట్ల దుంగలతో కట్ట కట్టిస్తుంది. పీతలు ఆ దుంగల్ని తొలిచేస్తాయి, ఒక్క రాత్రిలో కట్ట పోతుంది. ఇచ్చిన గడువులోగా సాగు చెయ్యకపోతే భూమి వెనక్కి తీసుకుంటారు, ఇంకో అమాయకుడికి అంటగడతారు, మళ్ళీ లంచం, మళ్ళీ గడువు. అంటే ఆ భూమి పండకపోవడమే వాళ్ళ పంట. నవల్లో ఆ తల్లి సర్వే అధికారులకి రాసిన పొడుగాటి ఉత్తరం ఒకటి ఉంది. మీరు ఆఫీసుల చుట్టూ తిరిగారు కాబట్టి ప్రతి లైనూ మీకు తెలిసినట్టే ఉంటుంది. అర్జీలాగా మొదలై శాపంలాగా సాగుతుంది. పిచ్చిమనిషి రాసిన ఉత్తరం కాదది. లెక్కలన్నీ సరిగ్గా తెలిసిన మనిషి రాసింది.

ఇక చదివినవాళ్ళ సంగతి. మనోవిశ్లేషకులు ఎక్కువగా 1964 నాటి లోల్ నవల దగ్గరికీ, 1984 నాటి 'ప్రేమికుడు' దగ్గరికీ పోతారు. 1950 నవల వాళ్ళకి కాస్త పాతకాలపు పుస్తకం, కష్టాలూ కడగండ్లూ ఉన్న పుస్తకం. 1984కి వచ్చేసరికి దురాస్ కూడా అదే కథని భూమి వైపు నుంచి కాక కూతురి ఒంటి వైపు నుంచి రాసింది కాబట్టి, తల్లి ఒక నీడలాగా, అంతుపట్టని దిగులులాగా మిగిలిపోయింది. 1987లో జూలియా క్రిస్తేవా, ఆమె విమర్శకురాలూ మనోవిశ్లేషకురాలూ కూడా, డిప్రెషన్ మీద రాసిన పుస్తకంలో చివరి అధ్యాయం దురాస్‌కే ఇచ్చింది. తల్లీ కూతుళ్ళ మధ్య తెగని బంధం గురించీ, ఏడ్చినా తీరని బాధ గురించీ చాలా లోతుగా రాసింది. యుద్ధమూ అణుబాంబూ లాంటి బయటి ఘోరాలు కూడా దురాస్ చేతిలో లోపలి నొప్పిగా మారిపోతాయి అని గమనించింది కూడా. మంచి గమనికే. కానీ ఆ మారిపోవడం అనేది దురాస్ వాక్యాల్లో జరిగిన పని, దాన్ని తిరగేసి "అసలు నొప్పి మొదటినుంచీ లోపలిదే" అని చదివితే మోసం చేసిన ఆఫీసు చల్లగా తప్పించుకుంటుంది. క్రిస్తేవా వెనక వచ్చిన చాలామంది చేసింది ఆ పనే.

స్త్రీవాదులు ఇంకో రకంగా తప్పిపోయారు. తల్లికీ కూతురికీ మధ్య భాష పుట్టకముందు నాటి బంధం అదీ ఇదీ అని ఎంతో అందంగా రాశారు. 1950 నవల్లో ఆ తల్లి కూతురు సుజాన్‌ని కొట్టిన రాత్రి సంగతి చూడండి. డబ్బున్న కుర్రాడు సుజాన్‌కి వజ్రపుటుంగరం ఇస్తాడు, తల్లి అది లాక్కుని, దీనికి బదులు ఏమిచ్చావని పిల్లని గంటల తరబడి కొడుతుంది, తర్వాత ఆ ఉంగరం అమ్ముదామని పట్నమంతా తిరుగుతుంది, కట్ట మళ్ళీ కట్టాలి కాబట్టి. రాయిలో మచ్చ ఉంది, అనుకున్న ధర రాదు. ఆ దెబ్బల్లో మనోవిశ్లేషణ చెప్పే ప్రేమా ద్వేషమూ లేవని అనను, ఉన్నాయి. కానీ ఆ చేతికి వడ్డీ లెక్క కూడా తెలుసు. ఈ రెండూ కలిపి చదవనివాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సగమే చదివినట్టు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగమే చెప్పినట్టు. ఆ తల్లి మోసపోయింది నిజమే, కానీ ఆమె తెల్లావిడ. ఆమెకి గడువూ కాగితమూ అయినా ఉన్నాయి. ఆ మైదానంలో అంతకుముందు నుంచీ బతుకుతున్న రైతులకి అవి కూడా లేవు. వాళ్ళ పిల్లలు పచ్చి మామిడికాయలు తిని, కలరా వచ్చి, గుంపులుగా చచ్చిపోవడం ఆ నవల్లో ఉంది. దురాస్ అది చూసింది, రాసింది. నాకు ఆ పేజీలు 'ప్రేమికుడు' మొత్తం కంటే ఎక్కువ.

మీ అమ్మగారికి ఏ కాంప్లెక్సూ అంటగట్టొద్దు. ఉప్పునీళ్ళు పక్క చేలల్లోకీ తాగేనీళ్ళలోకీ దిగుతాయన్నది 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పులోనే ఉన్న సంగతి, మీ ఊహ కాదు. కాగితాలన్నిటికీ నకళ్ళు తీసి పెట్టుకోండి, మట్టీ నీళ్ళూ పరీక్ష చేయించి రిపోర్టు అర్జీకి జతచెయ్యండి. అమ్మ తనలో తను ఏమంటుందో, వీలైతే పక్కన కూర్చుని వినండి. చాలావరకు తేదీలూ ఆఫీసర్ల పేర్లే ఉంటాయని నా అనుమానం, అర్జీలో అవి పనికొస్తాయి.

ప్రశ్న: దురాస్ తనని తాను ఫెమినిస్టు అనుకుందా లేదా? ఒక్క మాటలో చెప్పండి.
– నెల్లూరు, మాగుంట లేఅవుట్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఒక్క మాటలో కుదరదు, క్షమించాలి. 1971 ఏప్రిల్ 5న, ఫ్రాన్సులో అబార్షన్ నేరంగా ఉన్న రోజుల్లో, "మేమూ చేయించుకున్నాం" అని 343 మంది ఆడవాళ్ళు ఒక పత్రికలో సంతకాలు చేశారు. రాసింది పేరున్న స్త్రీవాద రచయిత్రి సిమోన్ ద బొవార్, సంతకాల్లో దురాస్ ఉంది. 1974లో గ్జావియేర్ గోతియే అనే స్త్రీవాదితో కలిసి సంభాషణల పుస్తకం వేసింది. అయినా ఏ గుంపులోనూ కుదురుకునే మనిషి కాదు, కమ్యూనిస్టు పార్టీలో కూడా ఎక్కువ కాలం ఇమడలేదు.

1985 జూలైలో అయితే స్త్రీవాదులు ఆమె మీద మండిపడ్డారు, తప్పు వాళ్ళది కాదు. ఫ్రాన్సులో ఒక చిన్న పిల్లవాడి హత్య జరిగింది, తల్లి మీద అనుమానం వచ్చింది. దురాస్ ఆ ఊరు పోయి, ఇంటిని చూసొచ్చి, ఆ తల్లే చంపి ఉంటుందన్నట్టు, మగవాడి కింద నలిగిన ఆడది కాబట్టి ఆ నేరం కూడా మహోన్నతం అన్నట్టు ఒక దినపత్రికలో పెద్ద వ్యాసం రాసింది. ఆ తల్లి మీద ఏ ఆధారమూ లేదని 1993లో కోర్టు కేసు కొట్టేసింది. నవల్లో జాక్ హోల్డ్‌ని బోనెక్కించిన మనిషి, బయట బతికున్న ఒక ఆడదానికి తనే జాక్ హోల్డ్ అయి కూర్చుంది. పాత్రని విశ్లేషిస్తే ఎవరికీ నష్టం లేదు. మనిషిని విశ్లేషిస్తే ఆ మనిషి జైలుకి పోవచ్చు.

ప్రశ్న: ఆడవాళ్ళ రాత వేరు, మగవాళ్ళ రాత వేరు అని ఎలెన్ సిక్సూ అందట కదా. పేరు తీసేసి ఇస్తే మీరు కనిపెట్టగలరా?
– డిగ్రీ విద్యార్థి, పొదిలి

జవాబు: కనిపెట్టలేను తమ్ముడూ, సిక్సూ కూడా అలాంటి పోటీ పెట్టలేదు. 1975లో రాసిన వ్యాసంలో ఆమె అన్నది, ఆడవాళ్ళు తమ ఒంటిని తామే రాసుకోవాలి, ఇంతకాలం ఆ ఒంటి గురించి మగవాళ్ళే రాశారు అని. అలాంటి రాత ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచి సాహిత్యంలో ఎక్కడ కనిపించింది అని ఒక ఫుట్‌నోటులో మూడు పేర్లు చెప్పింది: కొలెత్, దురాస్, జాన్ జెనే. మూడో ఆయన మగవాడు. నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. అయినా ఈ "ఆడ రాత" మాట మోనిక్ విట్టిగ్, క్రిస్టీన్ దెల్ఫీ లాంటి స్త్రీవాదులకి నచ్చలేదు. ఆడదంటే ఒళ్ళు, ద్రవం, లయ అని మనమే అంటే పాత మగ పండితులు అన్నదానికి దీనికి తేడా ఏంది అన్నారు. నేను వాళ్ళ వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాను.

రాత వేరో కాదో గానీ, చదువు మాత్రం వేరుగా ఉండొచ్చు. దానికి ఉదాహరణ మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత రాత్రిబడుల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుబోతు మొగుడు ఉన్న ఆడదాని కథ. దూబగుంటలో ఆడవాళ్ళు అది చదివి, ఇది మన కథే కదా అని లేచి పోయి 1992లో సారా కొట్టు మూయించారు. అక్కడ మొదలైంది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం అర్థం కావడానికి వాళ్ళకి ఏ సెమినారూ అక్కర్లేకపోయింది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయిపోయి నీట్ లాంగ్‌టర్మ్‌లో ఉంది. మీ వ్యాసం చూసి దురాస్ పుస్తకాలు ఫోన్‌లో చదువుతోంది. క్రిస్తేవా అనే ఆవిడే ఈ పుస్తకాలు సున్నితమైన వాళ్ళకి ఇవ్వకూడదన్నదని మీరే రాశారు. మా పిల్ల అసలే ఊరికే ఏడుస్తుంది. ఆపించెయ్యమంటారా?
– ఒక తల్లి, కందుకూరు

జవాబు: ఆపిస్తే దుప్పట్లో చదువుతుందండీ, అప్పుడు మీకు తెలియను కూడా తెలీదు. క్రిస్తేవా ఆ మాట అన్న కారణం ఏమంటే, మామూలు విషాద కథ చివర్లో మనల్ని ఏడిపించి తేలికపరుస్తుంది, దురాస్ అలా తేలికపరచదు, బాధ పక్కన కూర్చోబెట్టి వదిలేస్తుంది. అది నిజం. కానీ డాక్టరు సలహాగా రాసిన మాట కాదది, ఆ రాత ఎంత పదునో చెప్పడానికి అన్న మాట. నవల చదివితే డిప్రెషన్ రాదు. ముందే దిగులు ఉన్న పిల్ల ఇలాంటి నవల వెతుక్కోవడం మాత్రం ఉంటుంది. కాబట్టి పుస్తకం కంటే పిల్లని చూడండి. రెండు మూడు వారాలుగా నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయినా, చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్టుకి చూపించండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. లాంగ్‌టర్మ్ హాస్టళ్ళూ ర్యాంకుల గొడవా పిల్లల్ని ఏం చేస్తాయో మీకు నేను చెప్పాలా, అనుమానించాల్సి వస్తే ముందు దాన్ని అనుమానించండి.

అలాంటివేమీ లేకపోతే చదవనివ్వండి. ఏం చదివావే అని అడగండి, కథ చెప్పమనండి, మీరూ వినండి, మీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. వరస మాత్రం మార్పించండి: ముందు 'పసిఫిక్‌కి అడ్డుకట్ట' చదవమనండి, అది కథలాగా సాగుతుంది, మధ్యమధ్యలో నవ్వొస్తుంది కూడా. 'ప్రేమికుడు' ఆ తర్వాత. లోల్ నవల నీట్ పరీక్ష అయ్యాకనే.